హార్డెనర్ ఎక్కువైతే కయాక్ గట్టిపడదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మైలవరం జలాశయంలో నడుపుకోవాలని నేను, మా తమ్ముడు, మా వీధిలోని ఆచారి గారు కలిసి 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌తో పదహారు అడుగుల కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) కడుతున్నాము. పలకలను రాగి తీగతో కుట్టి, లోపలి మూలలను ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్దతో నింపి, బయట ఒక పూత వేశాము. మొదటి రోజు గీతలున్న ప్లాస్టిక్ గ్లాసుతో కొలిచి చేసిన ఈ పని అంతా చక్కగా గట్టిపడింది. తరువాత ఫైబర్ గ్లాస్ గుడ్డ పరిచేటప్పుడు, ఇంకా కచ్చితంగా ఉంటుందని నగల దుకాణాల్లో వాడే డిజిటల్ తూకం తెచ్చుకుని, డబ్బా మీద ఉన్నట్లే రెండు వంతుల రెజిన్‌కు ఒక వంతు హార్డెనర్ తూచి కలిపాము. పది రోజులైనా గోరు గుచ్చితే ముద్ర పడుతోంది, మధ్యాహ్నం మరీ మెత్తబడుతోంది. రెండు మూడు చోట్ల చేతికి అంటుకుంటోంది. అంతటా నూనె జిడ్డులాంటిది పేరుకుంది. ఉప్పుకాగితం పెడితే రెండు నిమిషాల్లో నిండిపోతోంది. ఎండకు తట్టుకోలేక రేకుల షెడ్డులో కూలర్ పెట్టుకుని పని చేశాము. ఒకసారి మగ్గులో మిగిలిన ఎపాక్సీ పొగలు కక్కింది. ఫైబర్ పని చేసే మేస్త్రీ ఒకరు చూసి, హార్డెనర్ చాలలేదు, పైన ఉత్త హార్డెనర్ పూయండి అన్నారు. మాకు నకిలీ సరుకు అంటగట్టారా? ఇప్పుడేమి చేయాలి?

సమాధానం: సరుకు మీద అనుమానం వదిలేయండి. అవే డబ్బాల్లోని రెజిన్, హార్డెనర్ మొదటి రోజు చక్కగా గట్టిపడ్డాయని మీరే రాశారు. మీ పడవకు పట్టినది ఒక్క జబ్బు కాదు. గోటి ముద్రకు ఒక కారణం, అంటుకునే మరకలకు మరొకటి, జిడ్డుకు ఇంకొకటి, పొగకు వేరొకటి ఉన్నాయి. అన్నీ ఒకే పడవ మీద కనిపించడంతో ఒకే మందుకు లొంగుతాయని మీకూ, మేస్త్రీ గారికీ అనిపించింది. ఆయన చెప్పిన మందు మాత్రం దయచేసి వాడవద్దు. మీ కష్టాలలో పెద్దది హార్డెనర్ ఎక్కువ కావడం వల్లనే వచ్చింది.

డబ్బా మీద 2:1 అని ముద్రించినప్పుడు అది సాధారణంగా ఘనపరిమాణం లెక్క, అంటే గ్లాసులతో కొలిచే లెక్క. రెజిన్ బరువైన ద్రవం; దాని సాంద్రత 1.15 దరిదాపుల్లో ఉంటుంది. హార్డెనర్ సాధారణంగా నీటికన్నా కొంచెం తేలిక, 0.97 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి 200 గ్రాముల రెజిన్ అంటే సుమారు 174 మిల్లీలీటర్లు, దానికి కావలసిన హార్డెనర్ 87 మిల్లీలీటర్లు, తూచితే 84 గ్రాములు. మీరు పోసినది 100 గ్రాములు. అంటే ప్రతి కలుపులోనూ హార్డెనర్ దాదాపు అయిదో వంతు ఎక్కువ పడింది. బంగారం తూచే యంత్రం అబద్ధం చెప్పలేదు. తూకానికి సంబంధించని లెక్కను మీరు దానికి అప్పగించారు. చాలా కంపెనీలు బరువు నిష్పత్తిని కూడా డబ్బా మీదనో, దానితో వచ్చే కాగితం మీదనో వేరుగా ఇస్తాయి. తూకం వాడదలచుకుంటే ఆ అంకెనే పట్టుకోండి. అది కనిపించకపోతే మీ గీతల గ్లాసే మేలు. నిజానికి బరువు లెక్క చేతికి వచ్చిన తరువాత తూకమే ఉత్తమమైన పద్ధతి, ఎందుకంటే గ్లాసు గోడలకు అంటుకుని ఉండిపోయే రెజిన్ వల్ల చిన్న కలుపుల్లో కొలత తప్పుతుంది. ఒక గ్రాము తేడా చూపగల వంటింటి తూకం ఈ పనికి సరిపోతుంది.

ఎక్కువైన హార్డెనర్ ఎందుకు చెడ్డదో మేస్త్రీ గారికి కూడా వివరించండి, ఎందుకంటే ఆయన అనుభవం అబద్ధం కాదు, అది వేరే పదార్థం మీద వచ్చిన అనుభవం. నీటి తొట్లు, తలుపులు, బొమ్మలు చేసే ఫైబర్ పనిలో వాడేది పాలియెస్టర్ రెజిన్. అందులో ఒకటి రెండు శాతం పోసే ద్రవం ఒక పెరాక్సైడ్. అది చర్యను రగిలించడానికి మాత్రమే ఉంటుంది, గట్టిపడే పదార్థమంతా రెజిన్‌లోనే ఉంటుంది. అందుకే అక్కడ చలికాలంలో నాలుగు చుక్కలు ఎక్కువ, ఎండాకాలంలో నాలుగు చుక్కలు తక్కువ వేసి వేగాన్ని సర్దుకుంటారు. ఎపాక్సీలో హార్డెనర్ రగిలించేది కాదు, రెజిన్‌తో కలిసి ఆ గట్టి పదార్థంలో భాగమయ్యేది. రెజిన్ అణువు కొసన ఉండే ఒక్కొక్క ఎపాక్సైడ్ సమూహానికి హార్డెనర్‌లోని అమైన్ అనే రసాయనం నుంచి ఒక్కొక్క హైడ్రోజన్ జత పడాలి. జత దొరకని అమైన్ ఆ అల్లికలో సగం కట్టుబడి, సగం వేలాడుతూ మిగిలిపోతుంది. అందువల్ల పూత ముట్టుకుంటే గట్టిగానే ఉన్నట్లుంటుంది కానీ గోటికి లొంగుతుంది, వేడికి మెత్తబడుతుంది, నీటిని పీలుస్తుంది. మీరు వర్ణించిన లక్షణాలు సరిగ్గా ఇవే. దీని మీద ఉత్త హార్డెనర్ పూస్తే, జత దొరకని అమైన్ మీద మరింత అమైన్ చేరడం తప్ప ఏమీ జరగదు. ఉత్త రెజిన్ పూసినా ప్రయోజనం లేదు. ముద్దకట్టిన పూతలోకి అది దిగదు. వేగం కావాలంటే వేగమైన హార్డెనర్ డబ్బాను, నిదానం కావాలంటే నిదానమైన డబ్బాను కొనాలి. నిష్పత్తిని ఎన్నడూ కదపకూడదు.

పూత పలుచగా పాకాలని థిన్నర్ కలిపే అలవాటు కూడా వడ్రంగి పనుల్లో ఉంది. ఆచారి గారిని ముందే హెచ్చరించండి. గట్టిపడే పూతలో చిక్కుకున్న థిన్నర్ బయటికి రాలేక దానిని మెత్తగానే ఉంచేస్తుంది.

చేతికి అంటుకునే రెండు మూడు మరకలు నిష్పత్తి వల్ల వచ్చినవి కావు. నిష్పత్తి తప్పితే కలుపంతా ఒకే తీరుగా ఉంటుంది. అక్కడక్కడ మాత్రమే బంకగా ఉందంటే ఆ చోట సరిగా కలవని ద్రవం పడిందన్నమాట. మగ్గు గోడలకూ, అడుగు అంచుకూ పట్టిన రెజిన్‌ను పుల్ల తాకదు. చివరలో మగ్గును బోర్లించి, పుల్లతో గీకి, ఆ గీకినదంతా పడవ మీదే రాస్తాము. చదునైన అంచున్న పుల్లతో గోడలు, అడుగు గీకుతూ కనీసం రెండు నిమిషాలు కలిపి, తరువాత దానిని మరొక శుభ్రమైన పాత్రలోకి ఒంపి ఇంకొక నిమిషం కలిపితే ఈ బెడద ఉండదు.

ఇక కూలర్ సంగతి. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు గాలి ఎంత పొడిగా ఉంటుందో ఉతికి ఆరేసిన బట్టలే చెబుతాయి. ఎపాక్సీ పనికి ఆ పొడి గాలి ఒక వరం. సముద్ర తీరంలో పడవలు కట్టేవారికి అది దొరకదు. మీరు డబ్బు పెట్టి కూలర్ తెచ్చి, తడి మెత్తల గుండా వచ్చే గాలిని నేరుగా పచ్చి పూత మీదికి వదిలారు. నీరు ఆవిరై గాలిని చల్లబరచడమే కూలర్ చేసే పని కాబట్టి, దాని ముందు తేమ 70 శాతం దాటడం మామూలే. అమైన్‌కు తేమన్నా, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అన్నా ఆకర్షణ ఎక్కువ. ఇంకా గట్టిపడని పూత ఉపరితలంలోని అమైన్ రెజిన్‌ను వదిలేసి వాటితో కలిసి కార్బమేట్ అనే పదార్థంగా మారుతుంది. మీ వేలికి తగిలే జిడ్డు అదే. పని తెలిసినవారు దానిని అమైన్ బ్లష్ అంటారు. హార్డెనర్ ఎక్కువ పడినందువల్ల మీ పూతలో తీరిక అమైన్ బోలెడంత ఉంది, అందుకే జిడ్డు అంత దట్టంగా పేరుకుంది.

ఈ జిడ్డు నీటిలో కరుగుతుంది. థిన్నర్‌తో తుడిస్తే అది సరిగా కరగకుండా చుట్టూ అలుముకుంటుంది, ఉప్పుకాగితంతో రుద్దితే గీతల్లోకి దిగి తరువాతి పూతను అంటనివ్వదు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచు తీసుకుని చిన్న చిన్న భాగాలుగా రుద్ది, ఆ నీరు ఆరిపోకముందే శుభ్రమైన గుడ్డతో ఒత్తి తీసేయండి. కడిగిన చోట కొత్త నీళ్లు చల్లితే అవి చుక్కలుగా విడిపోకుండా ఒకే పొరగా పరుచుకోవాలి. అప్పటిదాకా నీళ్లు మారుస్తూ కడగండి. ఇకమీదట కూలర్ మనుషులకు కావాలంటే షెడ్డు బయట, గాలి పడవ మీదికి రాని చోట పెట్టుకోండి.

పొగ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మగ్గులో లోతుగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక చర్యను మరింత తొందర చేస్తుంది. డబ్బా మీద రాసిన వాడకపు సమయం సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాముల కలుపుకు లెక్కగట్టినది. ప్రతి 10 డిగ్రీలకూ అది ఇంచుమించు సగమవుతుందనుకోండి. అరగంట అని రాసి ఉంటే 35 డిగ్రీల దగ్గర మీకు పావుగంటే దొరుకుతుంది, 42 దగ్గర అది కూడా అనుమానమే. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి పల్చగా ఒంపేయండి, ఒకసారికి 150 గ్రాములకు మించి కలపవద్దు, డబ్బాలను షెడ్డులో కాక ఇంట్లో చల్లని గదిలో ఉంచండి.

ఇప్పుడు ఉన్న గుడ్డను ఏమి చేయాలి? కొందరు హీటర్ కింద పెట్టి చూడమని చెబుతారు. ఆ పరీక్ష మంచిదే. కేవలం చలి వల్ల ఆలస్యమైన పూత 50, 60 డిగ్రీల వేడి తగిలితే గట్టిపడుతుంది, నిష్పత్తి తప్పినది గట్టిపడదు. అయితే పది రోజుల కడప ఎండ మీ పడవకు ఆ పరీక్ష ఇప్పటికే పెట్టేసింది, అది తప్పింది. హార్డెనర్ ఒకటి రెండు శాతం ఎక్కువైతే ఉంచేయమని చెప్పేవాడిని. అయిదో వంతు ఎక్కువైన పూతను ఉంచి, దాని మీద మంచి పూతలు వేయడం వృథా. అడుగున మెత్తని పొర ఉండగా పైన ఎంత గట్టి పొర వేసినా అది ఎండకు పగులుతుంది. గుడ్డను పీకేయండి.

ఈ చెడ్డ వార్తలో ఒక వెసులుబాటు ఉంది: పూర్తిగా గట్టిపడనిది కాబట్టి అది వచ్చేస్తుంది. ముందు పైన చెప్పినట్లు జిడ్డు కడిగి ఆరనివ్వండి. బంక మరకలను హీట్ గన్ (వేడి గాలి ఊదే యంత్రం) పెట్టకముందే స్క్రాపర్‌తో గీకి, అసిటోన్‌లో తడిపిన తెల్లగుడ్డతో తుడవండి; వేడి చేస్తే అవి కారి పక్కకు పాకుతాయి. అసిటోన్ త్వరగా అంటుకునేది గనుక దాని వాసన పూర్తిగా పోయేదాకా, తడి గుడ్డలు షెడ్డు దాటేదాకా హీట్ గన్ మీట నొక్కవద్దు. తరువాత ఒక కొస దగ్గర జానెడు మేర వేడి చేసి, స్క్రాపర్‌తో గుడ్డ అంచు లేపి, నిట్టనిలువుగా కాకుండా పడవ ఉపరితలానికి దాదాపు సమాంతరంగా వెనక్కి మడిచి లాగండి. గన్‌ను ఒకే చోట నిలపకూడదు, ఎందుకంటే 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పైపొర చాలా పలుచన. వేడెక్కినా, స్క్రాపర్ మూల గుచ్చుకున్నా ఆ పొరే లేచి వస్తుంది. అడుగున మొదటి రోజు వేసిన మంచి పూత మీకు తేడాగా తెలుస్తుంది: అది స్క్రాపర్ కింద పొడిగా రాలుతుంది, చెడినది మైనంలా ముడతపడుతుంది. ముడత పడేదంతా పోయిన తరువాత 80 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. మొదటి పూతకు రసాయనికంగా అతుక్కునే గడువు ఎన్నడో దాటిపోయింది గనుక ఈ గరుకే కొత్త గుడ్డకు పట్టు. లోపలి మూలల ముద్ద మొదటి రోజుదే కాబట్టి గోటి పరీక్షకు నిలిస్తే దాని జోలికి పోవద్దు.

సగం గట్టిపడిన ఎపాక్సీ దుమ్ము చర్మానికీ, ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఒకసారి అమైన్‌కు అలర్జీ వచ్చిందంటే ఆ తరువాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి, ఈ పనే మానుకోవలసి వస్తుంది. నైట్రిల్ తొడుగులు, మంచి మాస్కు వాడండి, చేతికి అంటితే సబ్బుతోనే కడగండి. థిన్నర్‌తో చేతులు తుడుచుకుంటే అది చర్మపు నూనెను తీసేసి ఎపాక్సీని లోపలికి పంపుతుంది.

మళ్లీ గుడ్డ పరిచే పనిని సాయంత్రం అయిదు తరువాత మొదలుపెట్టండి. పొద్దున చల్లగా ఉంటుందని ఆరింటికే పూత వేసేవారు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. పొద్దున వేస్తే ఎండ ఎక్కే కొద్దీ రేకుల కింద చెక్క వేడెక్కి, దాని రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పచ్చి పూత గుండా బుడగలుగా తన్నుకొస్తుంది. సాయంత్రం చెక్క చల్లబడుతూ ఉంటే లోపలి గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి లాగుతుంది. రేకుల వేడి తగ్గేదాకా ఆగండి, నిదానమైన హార్డెనర్ తీసుకోండి. చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డ అయితే దానిని తడపడానికి దాదాపు అంతే బరువు ఎపాక్సీ చాలు. మీ పడవ బయటి అడుగు భాగం మూడు చదరపు మీటర్లు అనుకుంటే 600 గ్రాములు, వృథాకు మరికొంత. లప్పం పెట్టే ప్లాస్టిక్ రేకుతో మధ్య నుంచి అంచులకు నెట్టండి. తెల్లని గుడ్డ కళ్ల ముందే మాయమై కింద చెక్క గీతలు కనిపించాలి, నేత మాత్రం చేతికి తగలాలి. మెరుస్తూ చెరువు కట్టిందంటే గుడ్డ తేలుతోందని అర్థం. ఆ అదనాన్ని రేకుతో తీసేయండి.

తరువాతి పూతకు గడియారం చూడవద్దు. తొడుగు వేలితో నొక్కితే ముద్ర పడాలి కానీ ఎపాక్సీ వేలికి రాకూడదు; మన వేసవి రాత్రుల్లో ఆ దశ రెండు మూడు గంటల్లోనే రావచ్చు. అప్పుడు నేత నింపే పూత వేస్తే రెండూ ఒకటిగా అతుక్కుంటాయి, మధ్యలో కడగడం, రుద్దడం తప్పుతాయి. రాత్రి పని గనుక బల్బును పడవ మీద వేలాడదీయకుండా దూరంగా గోడకు పెట్టండి, లేకుంటే దీపపు పురుగులన్నీ పూతలోనే ఉంటాయి. ఈ పని వానల దాకా, అంటే అక్టోబరు, నవంబరు దాకా వాయిదా పడితే తేమ మళ్లీ ఎదురవుతుంది, ముసురు పట్టిన రోజుల్లో పూత వేయవద్దు. డిసెంబరులో అయితే నిదానమైన హార్డెనర్ మరుసటి మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. దానికి కంగారు పడనక్కరలేదు.

గట్టిపడిన తరువాత కూడా మన ఎండను తక్కువగా చూడకూడదు. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడడం మొదలుపెడతాయి, ముదురు రంగు వేసి కారు మీద కట్టుకుని జమ్మలమడుగు దారిలో మధ్యాహ్నం వెళితే పడవ పైభాగం ఆ వేడిని సులువుగా దాటుతుంది. అందుకే నీటిలో దించే ముందు ఒక వారం ఆగి, ఆ వారంలో పడవను దాని ఆకారానికి తగిన ఆధారాల మీద గట్టిగా ఆనించి, పైన నల్ల పట్టా కప్పి రెండు మూడు పగళ్లు ఎండలో ఉంచండి. నెమ్మదిగా తగిలే ఆ వేడికి మిగిలిన చర్య పూర్తయి, మెత్తబడే హద్దు పైకి జరుగుతుంది. ఆధారం సరిగా లేకపోతే మాత్రం పడవ వంకర తిరిగి అలాగే స్థిరపడుతుంది. తరువాత అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ గానీ, లేత రంగు రెండు డబ్బాల పాలియురెథేన్ పెయింట్ గానీ తప్పనిసరి. ఉత్త ఎపాక్సీ ఎండకు పసుపెక్కి పొడి రాలుతుంది. మేస్త్రీ గారు పాలియెస్టర్ జెల్‌కోట్ (పాలియెస్టర్ రెజిన్‌తో వేసే పైపూత) వేస్తానంటే ఒప్పుకోవద్దు. ఎపాక్సీలో మిగిలిన అమైన్ దానిని గట్టిపడనివ్వదు.

గుడ్డను మళ్లీ కోసే ముందు ఒక చిన్న పని చేయండి. సరైన బరువు నిష్పత్తితో 50 గ్రాములు కలిపి, మిగిలిన ప్లైవుడ్ ముక్క మీద గుడ్డ పీలికతో సహా పట్టించి, రెండు రోజుల తరువాత మిట్టమధ్యాహ్నం ఎండలో అరగంట పెట్టి గోరు గుచ్చండి. ముద్ర పడకపోతే ఆ సాయంత్రమే పడవ దగ్గరకు వెళ్లవచ్చు.